దసరా మర్నాటి స్పానర్లు

ఆటోనగర్‌లోని మా లారీల షెడ్డులో రిపేరుకన్నా స్పానర్ల వెతుకులాటకే ఎక్కువ పొద్దు పోయేది. నాకు ఒళ్లు మండిపోయేది. ఏడాదిలో ఒక్క దసరానాడే పనిముట్లన్నీ తుడిచి, బల్లమీద వరసగా పేర్చి, బొట్లు పెట్టి పూజ చేసేవాళ్లం.

ఒక ఏడు పూజ మర్నాడు, ఆ వరస ఇంకా తీయకముందే లారీ ఒకటి వచ్చింది. సాయంత్రం దాకా సాగాల్సిన పని మధ్యాహ్నం భోజనాలకే అయిపోయింది!

"ఏంటండీ, ఇయ్యాల దేన్నీ వెతుక్కోలేదు!" అన్నాడు మా మేస్త్రీ.

నేను ఎగిరి గంతేశాను. "ఆ బల్ల ఎవరూ కదపొద్దు!" అని అరిచి, సుద్దముక్క తీసుకుని ప్రతి పనిముట్టు చుట్టూ గీత గీశాను. వాడిన స్పానరు మళ్లీ దాని గీతలోకే రావాలన్నాను.

"అయితే మనకింక రోజూ దసరాయేనండి!" అని మేస్త్రీ నవ్వాడు.

మరుసటి దసరాకి సర్దడానికేమీ మిగల్లేదు. బొట్లు పెట్టాం, అంతే.