తిండి మాస్టారి క్లాసు

మెడికల్ కాలేజీలో ఆయన్ని అందరూ తిండి మాస్టారనేవారు. రోగికి ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది ఆయన పాఠం. కాబోయే డాక్టర్లకు ఏడాదంతా కలిపి దానికి ఒక్కటే క్లాసు, అదీ భోజనాలయ్యాక, కళ్లు మూతలు పడే వేళ. పరీక్షల్లో రాదు కనుక పట్టించుకున్న నాథుడు లేడు. ఆసుపత్రి మంచాల మీద రోగులు ఎంత పస్తుంటున్నారో పరిశోధిస్తానని ఆయన సర్కారు సొమ్ముకు అర్జీ పెడితే, ఇందులో కొత్త మందేదీ లేదే అని తిప్పి పంపారు. తిండి కొత్తదెలా అవుతుంది, వాళ్ల మొహం!

ఇప్పుడు అదే ఆసుపత్రిలో ఆయన అక్క పడుకుంది. తల్లి పోయాక ఆయన్ని పెంచిన మనిషి. కడుపులో గడ్డ. త్వరగా తీసేయాలి, ఆలస్యమైతే కష్టం అన్నారు. మంచానికి ‘నోటికేమీ ఇవ్వరాదు’ అని అట్ట కట్టారు. పొద్దుటి నుంచీ కడుపు మాడ్చుకుంటే, సాయంత్రానికి ఏదో యాక్సిడెంటు కేసు వచ్చిందని ఆపరేషన్ వాయిదా. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. రాత్రి తినమంటారు. అప్పటికి నీరసంతో ఆమెకు ముద్ద దిగదు.

మాస్టారు ఫ్లాస్కులో జావ పట్టుకుని ఆ అట్టకేసి చూస్తూ నిలబడేవారు. కడుపులో ఏమైనా ఉండగా మత్తు ఇస్తే ప్రాణం మీదికొస్తుందనీ ఆయనకు తెలుసు. పెడితే ఒక భయం, పెట్టకపోతే ఒక భయం.

“ఒక్క గుక్క పొయ్యరా, ఎవరూ చూడరులే,” అంది అక్క.

“వద్దక్కా. ఇవాళ తీసుకెళ్తారట.”

తీసుకెళ్లలేదు.

తీరా పిలుపు వచ్చిన రోజున వార్డు డాక్టరు, ఒకప్పటి ఆయన శిష్యుడే, ఆమెను పరీక్ష చేసి పెదవి విరిచాడు.

“ఇంత నీరసంగా ఉంటే తట్టుకోలేరు సార్. ఇంటికి తీసుకెళ్లి బాగా తినిపించండి. కోలుకున్నాక చూద్దాం.”

మాస్టారికి ఒళ్లు మండిపోయింది. “నోరు కట్టేసింది మీరే కదయ్యా! వాయిదా పడగానే వెంటనే తిండి పెట్టాలని నా క్లాసులో చెప్పలేదూ?”

కుర్ర డాక్టరు గుర్తు తెచ్చుకున్నాడు. అతని మొహంలో వెటకారమేమీ లేదు.

“మా బ్యాచ్‌కి ఆ క్లాసు జరగలేదు సార్. పరీక్షలొస్తున్నాయని బతిమాలితే, వెళ్లి చదువుకోండని మీరే వదిలేశారు. ఎంత మంచివారో అని ఇప్పటికీ చెప్పుకుంటాం.”

నర్సు వచ్చి అట్ట విప్పేసింది. మాస్టారు ఫ్లాస్కు మూత తీసి, చెంచాతో జావ అక్క నోటి దగ్గర పెట్టారు. ఆమె మొహం పక్కకు తిప్పుకుంది.

“ఆకలి చచ్చిపోయిందిరా. నువ్వు తాగు,” అంది. “పొద్దుటి నుంచీ నువ్వూ ఏం తినలేదు.”