అత్త తిరిగి నేర్చుకున్న పేర్లు

మా పక్కింటి అత్త మొన్న తెల్లవారుతుండగా నిద్రలోనే వెళ్ళిపోయిందని ఆవిడ కూతురు గోడ అవతలి నుంచి చెప్పింది. చుట్టరికం లేదు, పిలుపే. నర్సీపట్నంలో మా వీధివాళ్ళందరం ఆవిడ అమ్మిన చేప తిన్నవాళ్ళమే. పాయకరావుపేట నుంచి మొదటి బస్సులో వచ్చే గంప దించుకుని, ఇంటింటికీ తిరిగేది.

మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. చెయ్యి కొద్దికొద్దిగా కదిలింది గానీ మాట పోయింది. ఒకరోజు కూతురు చందువ చేప తెచ్చి ముందు పెట్టి, "ఇదేటమ్మా, సెప్పు" అంది. అత్త ఎంత ప్రయత్నించినా పేరు రాలేదు. గోడవైపు తిరిగి ఏడ్చింది. జీవితమంతా వీధుల్లో కేకేసిన పేరది.

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఆ సాయంత్రం మంచం పక్కన కూర్చుని, నాకు తెలిసిన పాఠమే చెప్పాను. మెదడులో ఒక నాడీకణానికీ ఇంకోదానికీ మధ్య కంటికి కనపడనంత సందు ఉంటుంది. కబురు విద్యుత్తులా కణం చివరిదాకా వస్తుంది. అక్కడి చిన్న తిత్తులు సందులోకి రసాయనాన్ని వదులుతాయి. అవతలి కణం అందుకుంటే కబురు ముందుకు సాగుతుంది. ఆ కూడలినే సినాప్స్ అంటాం.

"కొన్ని కణాలు పోయాయత్తా. మిగిలినవి కొత్తగా కలుపుకోగలవు. పలికేకొద్దీ ఆ దారి బలపడుతుంది."

కళ్ళు మూసుకుని వింది. నిద్రపోయిందనుకుని లేవబోతే చెయ్యి పట్టుకుంది.

మర్నాటి నుంచి రోజూ కాలేజీ అయ్యాక వెళ్ళేదాన్ని. నేను "చం" అనేదాన్ని, ఆవిడ నా పెదాలు చూసేది. నెలలు గడిచాయి. విసుగు నాకే వచ్చేది, ఆవిడకు కాదు. చివరికి ఒక వానరోజున అరుగు మీద కూర్చుని, "సం... సందువ" అంది.

తర్వాత చేపల పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి. అన్నీ కాదు, వంజరం మాత్రం రానేలేదు. ఆ చేపని వేలితో చూపించి "పెద్దోడు" అనేది. మా వీధంతా దాన్ని అలాగే పిలవడం మొదలుపెట్టింది. మామూలు మాటలు కూడా నెమ్మదిగా తిరిగొచ్చాయి.

"బేగి రాదమ్మా మాట," అనేది నవ్వుతూ. "అవతలోడు అందుకోవాల కదేటి."

ఇప్పుడు క్లాసులో ఎవరైనా జవాబు కోసం తడుముకుంటే నేను అందించను, ఆగుతాను. ఆ ఓపిక ఆవిడ దగ్గర నేర్చుకున్నదే.

పోయే ముందురోజు సాయంత్రం ఇద్దరం అరుగు మీదే ఉన్నాం. గొలుగొండ వైపు కొండల మీదికి చూస్తూ, మేమెప్పుడూ సాధన చెయ్యని పేరొకటి తనంతట తానే అంది.

"మబ్బు." చెయ్యెత్తి చూపించి, "ఎర్రగుంది, సూడు."

చూశాను. ఆ ఎరుపు మెల్లగా ఊదారంగులోకి కరిగి, కొండ అంచు కనపడకుండా పోయేదాకా ఇద్దరం చూస్తూనే ఉన్నాం.