కుడిచేత్తో పోసిన నీళ్లు

మా అమ్మాయి పెళ్లికి ముహూర్తం పెట్టుకున్నాక నా కుడి రొమ్ములో గడ్డ బయటపడింది. క్యాన్సరన్నారు. ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు, చంకలో గ్రంథులూ తీశారు. ఆపైన మందు ఎక్కించడం మొదలుపెట్టేసరికి తల మీద వెంట్రుక మిగల్లేదు. పెళ్లి వాయిదా వేద్దామని మా ఆయన నసిగితే, రోగం నాది, ముహూర్తం దానిది, రెండింటికీ ముడిపెట్టొద్దన్నాను. డాక్టరుతో వాదించి ఒక విడత మందును పెళ్లి తరవాతికి జరిపించుకున్నాను కూడా.

వాయిదా మాట పోయాక ఇంకో మాట వచ్చింది. విజయనగరం నుంచి వచ్చి రాయపూర్‌లో రైలు దిగిన మా పెద్దాడపడుచు, కన్యాదానానికి పీటల మీద మా మరిదినీ తోటికోడలినీ కూర్చోబెడదామంది. ఎందుకో దాచలేదు.

"గుండుతో పీటలెక్కితే చూసినోళ్లు ఏటనుకుంటారమ్మా? శుభకార్యం కదా."

"తిరుపతిలో గుండైతే పుణ్యం, ఆస్పత్రిలో గుండైతే అశుభమా వదినా? మీ తమ్ముడు నిక్షేపంలా ఉన్నారు. ఆయన పక్కన ఎవరు కూర్చోవాలో ఆయన్నే అడగండి."

ఆయన పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నారు. మా అమ్మాయి మాత్రం, ఇక్కడి ఆడవాళ్లలా తల మీద కొంగు కప్పుకోమంది. "కిసీకో పతా నహీ చలేగా అమ్మా" అని, ఎవరికీ తెలియదులెమ్మని హిందీలో ధైర్యం చెప్పింది. రాయపూర్ కాపురానికి వచ్చిన నాటినుంచి ఆ ముసుగు గురించి ఇరుగుపొరుగుతో పోట్లాడిన మనిషిని, కూతురి పెళ్లిలో వేసుకుంటానా?

నోటితో గెలిచాను గానీ, నా బెంగ తల గురించి కాదు. అల్లుడి కాళ్లు కడిగేటప్పుడు పెళ్లికూతురి తల్లే చెంబుతో నీళ్లు పొయ్యాలి. ఎడమచేత్తో పోస్తానంటే ఆడపడుచు సంగతి అటుంచి, నేనే ఒప్పుకోను. కుడిచేతికేమో అప్పటికి దువ్వెన ఎత్తే సత్తువ కూడా లేదు. దువ్వెనతో పనీ లేదనుకోండి.

బరువులు ఎత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని పండరీ బట్టల బజారుకి పెళ్లిబట్టలకు వెళ్లి వస్తూ, దారిలో ఆగి అరచేతిలో ఇమిడేంత ఇత్తడి చెంబు కొన్నాను. పొద్దున గోడ మీద వేళ్లు పైకి పాకిస్తూ డాక్టరు నేర్పిన కసరత్తు. సాయంత్రం పెరట్లో మా ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి ఆయన కాళ్ల మీద నీళ్లు పొయ్యడం. చెయ్యి కాస్త వణికితే చాలు, ఆయన కాళ్లు వెనక్కి లాక్కుని "ఇంక చాల్లే" అనేవారు. ఆ రోజుల్లో మా రైల్వే కాలనీ మొత్తంలో అంత శుభ్రమైన పాదాలు ఇంకొకరికి ఉండి ఉండవు.

పెళ్లినాడు బోడితలతోనే పీటలెక్కాను. పూలు లేకుండా కూర్చోకూడదని మా ఆడపడుచే మల్లెలు తెచ్చింది. తెచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోయింది.

"చెవి వెనక దోపండి వదినా, అదైతే ఊడలేదు."

నవ్వు ఆపుకుంటూ దోపింది.

పళ్లెంలో అల్లుడి పాదాలు. చెంబు వంచాను. సగంలో చెయ్యి వణికింది. కాళ్లు కడుగుతున్న మా ఆయన తలెత్తకుండానే, అలవాటు కొద్దీ, "ఇంక చాల్లే" అన్నారు.

"ఆ మాట పురోహితుడు చెప్పాలి," అన్నాను.

మంత్రం అయ్యేదాకా ధార తెగలేదు.