జర ఆగుండ్రి

శ్రీరాంపూర్‌లో మా బడి చలికాలమంతా పొగమంచులోనే మొదలయ్యేది. ఆ మంచులో కనకాంబరం రంగు శాలువా కప్పుకొని నిలబడ్డ సోషల్ మేడమ్ ముఖం ఇప్పుడు నాకు సరిగా గుర్తు రాదు. పైకి లేచిన ఆమె అరచెయ్యి మాత్రం గుర్తుంది.

రోజూ ప్రార్థనలో రాజ్యాంగ ప్రవేశికను అందరం కలిసి చదివేవాళ్లం. నా పక్కన నిలబడే రజితకు నత్తి. ‘సౌభ్రాతృత్వం’ దగ్గరికి వచ్చేసరికి తప్పకుండా ఆగిపోయేది. మేము ఆ మాట దాటి వెళ్లిపోతుంటే మేడమ్ చెయ్యెత్తేవారు.

“జర ఆగుండ్రి. రజిత ఇంకా రాలే.”

ఆ మాట ఏదో వాగు అయినట్టు, రజిత అవతలి ఒడ్డున ఉండిపోయినట్టు, బడి మొత్తం ఎదురుచూసేది. పిల్లల్ని దింపడానికొచ్చిన బాపులు కూడా గేటు బయట బండ్లు బందు చేసి నిలబడేవాళ్లు.

“పిల్లలు చలికి వణుకుతుండ్రు మేడమ్” అని హెడ్మాస్టరు విసుక్కున్నా ఆ చెయ్యి దిగేది కాదు.

పరీక్షల ముందు “గా సౌభ్రాతృత్వానికి అర్థం చెప్పుండ్రి మేడమ్” అని అడిగితే, “రోజూ చేస్తనే ఉన్నరు గదా!” అని నవ్వేవారు.

ఆదిలాబాద్‌కు బదిలీ అయిన రోజు కూడా మంచే. ప్రార్థన అయ్యాక మేడమ్ మాకు రెండు మాటలు చెప్పబోయారు. “పిల్లలూ, నేను…” అని ఆగిపోయారు. ఇక చాలన్నట్టు హెడ్మాస్టరు చప్పట్లు మొదలుపెట్టారు.

నా పక్క నుంచి ఒక చెయ్యి పైకి లేచింది.

“జ… జర ఆగుండ్రి సార్. మేడమ్ ఇంకా రాలే.”

ఆ మంచులో ఇప్పటికీ నిలబడే ఉన్నట్టుంటుంది నాకు.