పిన్నీసు గుచ్చిన టిష్యూ ప్యాకెట్

తల్లి కడుపులోనే నన్ను ఎరిగినవాడికి, సముద్రం దాటి వచ్చినా నా చెయ్యి వదలనివాడికి ముందుగా స్తోత్రం. ఆయన తోడు లేకపోతే ఆ రోజుల్లో నాకు మతి పోయేదే. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు.

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. మా నాన్న ఏలూరు దగ్గర ఒక చిన్న క్రైస్తవ సంఘంలో పెద్ద. చనిపోయినవాళ్ళు దేవుని చేతిలో ఉంటారు, మన మధ్య తిరగరు అని వాక్యంలో నేర్చుకుని పెరిగినదాన్ని. హాస్టల్లో అమ్మాయిలు దుప్పట్లు కప్పుకుని దయ్యాల కథలు చెప్పుకుంటుంటే, నేను లైటు వేసి వాళ్ళ సరదా పాడుచేసేదాన్ని.

సింగపూర్‌లో ఒక సెమిస్టర్ చదవడానికి మా కాలేజీ నుంచి మొదట ఎంపికైంది నేను కాదు. నా రూమ్మేట్ సంధ్య. వీసా కూడా వచ్చాక, స్కూటీ మీద వెళ్తుంటే వెనక నుంచి వ్యాను తగిలింది. తలకు దెబ్బ. విజయవాడలో ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉంది. ఎంపికలో ఆమె తర్వాత పేరు నాది. నేను వెళ్ళనన్నాను. వాళ్ళమ్మే నా రెండు చేతులూ పట్టుకుని, "నువ్వన్నా వెళ్ళు దీవెనా. అది లేచాక నీతో కబుర్లు చెప్పించుకుంటుంది" అంది. ఆ మాట మీదే విమానం ఎక్కాను.

సంధ్య గురించి ఇంకొక్క సంగతి చెప్పాలి. హాస్టల్లో పిన్నీసులు నిలవవు. ఎవరివి ఎవరు తీసుకుపోతారో తెలియదు. అందుకని సంధ్య తన పిన్నీసులన్నిటికీ తలకాయ దగ్గర ఆకుపచ్చ దారం చుట్టి, ముడి వేసి పెట్టుకునేది. "దొంగలూ, ఇది చూస్తే నాదని తెలియాలి" అనేది.

ఇక్కడ నాకు దొరికిన రూమ్మేట్ నిహారిక. వరంగల్ పిల్ల. నాకంటే ముందు వచ్చింది కాబట్టి ఊరంతా తనదే అన్నట్టు ఉండేది. వచ్చిన వారంలోనే నన్ను మధ్యాహ్నం భోజనానికి చోవా చూ కాంగ్‌లో ఒక ఫుడ్ కోర్ట్‌కి తీసుకెళ్ళింది. కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి. ప్లేటు పట్టుకుని మనమే చోటు వెతుక్కోవాలి. ఆ వేళకి కాలు పెట్టే సందు లేదు. ఒక్క బల్ల దగ్గర మాత్రం స్టూళ్ళు ఖాళీగా ఉన్నాయి. బల్ల మీద టిష్యూ ప్యాకెట్ ఒకటి పడి ఉంది. ఎవరో మర్చిపోయారనుకుని కూర్చున్నాను. అందులోంచే ఒక టిష్యూ లాగి బల్ల తుడిచి, మిగతాది సంచిలో వేసుకున్నాను కూడా.

నిహారిక ప్లేటుతో వచ్చి అది చూసి పగలబడి నవ్వింది.

"ఏం పిల్లవే నువ్వు! ఈడ టిష్యూ పెట్టి పోయిన్రంటే ఆ జాగ వాళ్ళదన్నట్టు. చోప్ అంటరు దాన్ని. లే, లే. పెట్టినామె వస్తది, గిట్ల నిలబడి నీ మొకమే చూస్తది."

సిగ్గుతో లేచి నిలబడ్డాను. ప్యాకెట్ మళ్ళీ బల్ల మీద పెట్టాను. ఎవరూ రాలేదు. చుట్టూ అంతమంది ప్లేట్లు పట్టుకుని తిరుగుతున్నా ఎవరూ అక్కడ కూర్చోలేదు. అన్నం చల్లారిపోతోందని చివరికి మేమే తిన్నాం. వెళ్ళేటప్పుడు నిహారిక ఆ ప్యాకెట్ నా సంచిలో పడేసింది. "ఇగ నీదేలే" అంది.

గదికి వచ్చాక చూశాను. ప్యాకెట్ అంచుకి పిన్నీసు గుచ్చి ఉంది. తలకాయ దగ్గర ఆకుపచ్చ దారం, ముడి.

నా సామాన్లలో సంధ్య పిన్నీసు ఏదో వచ్చి ఉంటుంది, సంచిలో ఈ ప్యాకెట్‌కి తగులుకుని ఉంటుంది అనుకున్నాను. అలా అనుకోవడం తేలిక. ఆ పిన్నీసు తీసి నా బైబిలు సంచి జిప్పులో దాచాను.

రెండోసారి బస్సులో. రెండంతస్తుల బస్సులో పైన ముందు సీట్లో కూర్చుని ఊరు చూడాలని నాకు సరదా. ఎక్కేసరికి పైన జనం నిండా ఉన్నారు. ముందు సీటు ఒక్కటే ఖాళీ. దాని మీద టిష్యూ ప్యాకెట్. ఈసారి నేను ముట్టుకోలేదు. వంగి చూశాను. పిన్నీసు ఉంది. దారం ఉంది. మెట్లు దిగి కింద కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.

ఆ తర్వాత బెడోక్‌లో. అక్కడి చెరువు చాలా బాగుంటుందని నిహారిక పట్టుబట్టి తీసుకెళ్ళింది. సాయంత్రం ఎండ ఇంకా ఉంది. నీళ్ళకి ఎదురుగా ఉన్న బెంచీ మీద, ఒక చివర, అదే. నిహారికకి అప్పటికే అంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె ప్యాకెట్ చేతిలోకి తీసుకుని దారం ముడి వేలితో తడిమి, ఎక్కడ ఉన్నది అక్కడే పెట్టేసింది. "నడువే. ఈడ వద్దు" అంది.

అప్పటి నుంచి నేను బయట ఎక్కడా కూర్చోలేదు. ఖాళీ రైల్లో కూడా నిలబడే వెళ్ళేదాన్ని. అన్నం నిలబడి తినేదాన్ని. ఎవరిదో చోటులో ఉన్నానన్న భయం. ఎవరిదో కాదు, సంధ్యదని నాకు తెలుసు. ఆమె తన చోటు కోసం వచ్చిందంటే, అక్కడ విజయవాడలో ప్రాణం పోయినట్టా? రోజూ ఇంటికి ఫోన్ చేసేదాన్ని. "అలాగే ఉందమ్మా" అనేది అమ్మ. అలాగే ఉంది అంటే బతికి ఉందనే కదా అని గుండె మీద చెయ్యి వేసుకునేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున్న అమ్మే ఫోన్ చేసింది. గొంతు వేరేగా ఉంది. "డాక్టర్లు ఇంక లాభం లేదంటున్నారే. మిషన్ తీసేసే సంగతి రేపు మాట్లాడతారట. వాళ్ళమ్మ ఒప్పుకోవట్లేదు. నువ్వు ప్రార్థన మానకు."

ఆ మధ్యాహ్నం వుడ్‌ల్యాండ్స్‌లో మన తెలుగువాళ్ళ ఆరాధనకి వెళ్ళాను. ఒక భవనంలో అద్దెకు తీసుకున్న హాలు. షిప్‌యార్డుల్లో పనిచేసే తమ్ముళ్ళు సెలవు రోజని ముందే వచ్చి కుర్చీలు వేస్తారు. ఆడవాళ్ళ వైపు నిండిపోయింది. రూతమ్మ ఆంటీ పక్కన ఒక కుర్చీ మాత్రం మిగిలింది. ఆవిడ ఇక్కడ స్థిరపడి ఎన్నో ఏళ్ళయింది. చూపు బాగా మందగించింది.

"వందనాలమ్మా. ఇక్కడ ఎవరో చోప్ చేసినట్టున్నారే" అంది ఆవిడ కుర్చీ తడిమి.

టిష్యూ ప్యాకెట్. పిన్నీసు. ఆకుపచ్చ దారం.

దేవుని మందిరంలోకి కూడా వచ్చిందా అనుకున్నాను. తీసి పారేసి, యేసు నామంలో గద్దించి కూర్చోవాలనిపించింది. నోరు తెరిచాను కూడా. గద్దించాలంటే అవతల ఉన్నది సాతాను అని నాకు తెలియాలి కదా. నా స్నేహితురాలైతే? ప్రాణం ఇంకా పోలేదు కదా. రేపు మాట్లాడతామన్నారంటే ఈ రోజు ఆమె బతికే ఉంది. బతికున్న మనిషి చోటు నేను ఎలా తీసుకోను?

కుర్చీ అలాగే వదిలేసి, ముందు చాప మీద కింద కూర్చున్నాను. ప్రార్థన మనవులు ఉంటే చెప్పండి అని పాస్టరు గారు అడిగినప్పుడు లేచి, "సంధ్య అని నా స్నేహితురాలు. ఆమె చోటు ఖాళీగా ఉంది. ప్రభువు ఆమెను లేపాలి" అన్నాను.

మా సంఘాల్లో అలాంటి మనవి వచ్చినప్పుడు పక్కవాళ్ళ చేతులు పట్టుకుని ప్రార్థిస్తాం. అందరూ లేచారు. నేను ఒక్కసారి వెనక్కి చూశాను. చూడకుండా ఉండాల్సింది. రూతమ్మ ఆంటీ కళ్ళు మూసుకుని, ఖాళీ కుర్చీ వైపు చెయ్యి చాపింది. ఆ చెయ్యి గాల్లో వట్టిగా ఆగలేదు. దేన్నో పట్టుకున్నట్టు వేళ్ళు ముడుచుకున్నాయి. ప్రార్థన అయ్యేదాకా అలాగే ఉన్నాయి.

ఆరాధన అయ్యాక ఆంటీ నన్ను పిలిచింది. "నా పక్కన నిలబడిన పిల్ల ఏదమ్మా? చేతులు ఐసులా ఉన్నాయి, పాపం. పట్టుకోగా పట్టుకోగా కాస్త వెచ్చబడ్డాయి. టీ తాగి వెళ్ళమను."

కుర్చీ మీద ప్యాకెట్ లేదు.

మర్నాడు పొద్దున్న డాక్టర్లు మాట్లాడడానికి కూర్చునే ముందు సంధ్య వేళ్ళు కదిలించిందని అమ్మ చెప్పింది. ఫోన్‌లో ఆమె ఏడుపు తప్ప నాకు ఇంకేం వినబడలేదు. ఆ తర్వాత నాకు ఎక్కడా టిష్యూ ప్యాకెట్ మీద పిన్నీసు కనిపించలేదు. రైల్లో కూర్చోవడం మళ్ళీ మెల్లగా అలవాటైంది.

కొన్ని వారాలకి సంధ్య వీడియో కాల్ చేసింది. గుండు, సన్నబడిన ముఖం, మాట ముద్దగా ఉంది. దెబ్బ తగిలిన దగ్గర నుంచి తనకు ఏమీ గుర్తు లేదంది. నేనూ ఏమీ అడగలేదు. అంతలో నిహారిక నా భుజం మీదుగా తొంగిచూసి చెయ్యి ఊపింది. సంధ్య ఆమెను చాలాసేపు చూసింది.

"నువ్వే కదా, నిలబడి నీ మొకమే చూస్తది అని నవ్వావు? నిలబడే ఉన్నాను. నువ్వే నావైపు చూడలేదు."

నిహారిక వెనక్కి జరిగి తెరలోంచి తప్పుకుంది. మరుసటి రోజు అడిగితే, ఆ మాట అన్నట్టే సంధ్యకు గుర్తులేదు.

మా నాన్నకి అంతా చెప్పాను. ఆయన "దీని మీద సిద్ధాంతం కట్టకు. స్తోత్రం మాత్రం చెయ్యి" అన్నారు. అలాగే చేస్తున్నాను. జరిగింది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. మొదటి రోజు దాచిన పిన్నీసు మాత్రం నా దగ్గరే ఉంది, ఆమెకు ఇవ్వాలి.

సంధ్య ఇంకా గోడ పట్టుకునే నడుస్తోంది. చదువుతున్న మీరు ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని నాతో కలిసి ఆమె పేరు దేవుని ముందు పెట్టండి. తండ్రీ, ఆమె కాళ్ళకు బలం ఇవ్వు. ఆమె చోటు ఆమె కోసం ఉంచు. ఆమె తన కాళ్ళ మీద తాను వచ్చి అక్కడ కూర్చునేలా చెయ్యి. ఆమేన్.