కాగితాలు బోర్లించి

ఫ్లాస్కు మూత తిప్పగానే యాలకుల వాసన వచ్చింది. పొద్దున లైబ్రరీకి తీసుకెళ్ళిన టీలో అడుగున ఒక గుక్క మిగిలింది. చల్లారినా వాసన పోలేదు. పాప నిద్రపోయింది. కడుగుదామని తీసిన ఫ్లాస్కును పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. ఇది వసుంధర గారి ఫ్లాస్కు.

అమెరికాలో షామ్‌బర్గ్ వచ్చిన కొత్తలో నేను బీకామ్ చదివానన్న సంగతి నాకే గుర్తుండేది కాదు. ఉద్యోగం చేయనివ్వని డిపెండెంట్ వీసా, చంటిపిల్ల, ఊరికే భయం. పాప ఊపిరి పీలుస్తోందా అని లేచి చూసేదాన్ని. గడియ వేసిన తలుపు దగ్గరికి మళ్ళీ వెళ్ళి చూసి, అలా చూసినందుకు సిగ్గుపడేదాన్ని. వసుంధర గారు ఒక కంపెనీలో అకౌంటెంట్. టాక్సుల కాలంలో శనివారాలు లైబ్రరీ గదిలో ఎవరొచ్చినా ఉచితంగా టాక్స్ రిటర్న్ వేసిపెట్టేవారు. గుళ్ళో పరిచయమైన రోజే, "బీకామా? అయితే శనివారం రా. పాపని కూడా తెచ్చుకో" అన్నారు.

ఆవిడ పద్ధతి ఒకటుంది. వచ్చినవాళ్ళు కాగితాలు ఇవ్వగానే బల్ల మీద బోర్లించి, "ముందు చెప్పండి, ఏడాది ఎలా గడిచింది?" అని అడగాలి. ఈ ఫ్లాస్కులోంచి పోసిన టీ వాళ్ళు తాగేదాకా కంప్యూటర్ ముట్టుకోకూడదు. అక్కడ పనిచేసేవాళ్ళకిచ్చే శిక్షణ పూర్తయ్యాక కూడా వేసిన ప్రతి అంకె మళ్ళీ సరిచూసుకునేదాన్ని. ఒక శనివారం, ఇక రానని చెప్పేద్దామనే వెళ్ళాను.

"ఆంటీ, నేను తప్పు చేస్తే నోటీసు వాళ్ళకొస్తుంది. నావల్ల కాదు."

"సరే, మానేద్దువుగాని. ముందు ఆయన్ని చూసి పంపించు" అని గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూపించారు.

వరంగల్ ఆయన, కిరాణా షాపులో పని. కాగితాలు బోర్లించి, ఏడాది ఎలా గడిచిందని అడిగాను.

"ఏముందక్కా, పని, ఇల్లు. గంతే."

ఆయన భుజం మీద తెల్లటి పాల మరక. అలాంటిదే నా చున్నీ మీదా ఉంది.

"ఇంట్లో చంటిబిడ్డ ఉందా?"

"ఉంది గదక్కా! డిసెంబర్ల పుట్టింది."

కాగితాలు తిప్పి చూశాను. బిడ్డ ఊసే లేదు.

"మరి రాయలేదేం?"

"ఇరవై ఒకటో దినం జనవరిల వచ్చింది. అప్పటిదాక పేరే పెట్టలే. పేరు లేని పిల్లను పోయినేడు లెక్కల ఎట్ల రాస్త?"

నిబంధన మళ్ళీ తీసి చదివాను. "డిసెంబర్ ఆఖరి రోజు పుట్టినా, లెక్కలో ఆ ఏడాదంతా మీ బిడ్డేనండి" అన్నాను. బిడ్డని చేర్చగానే తిరిగొచ్చే రిఫండ్ తెర మీద పెరగడం చూసి ఆయన గట్టిగా నవ్వాడు. "గట్లనా! మా పోరి అప్పుడే సంపాయిస్తున్నది!"

ఆయన వెళ్ళాక వసుంధర గారు నాకూ టీ పోశారు. "భయం లేనివాళ్ళు ఒకసారి చూసి పంపించేస్తారమ్మా. నువ్వు రెండోసారి చూస్తావు. నాకు నీలాంటివాళ్ళే కావాలి."

నేను మానలేదు. వర్క్ పర్మిట్ వచ్చింది, ఉద్యోగం వచ్చింది, ఇక్కడి అకౌంటెంట్ల పరీక్ష సీపీఏ పాసయ్యాను. ఆ ఫలితం చెబితే ఫోన్‌లో, "పాపకి చెప్పావా? ముందు దానికి చెప్పు!" అన్నారు. రిటైరై, దూరాన ప్లేనో ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తూ ఫ్లాస్కు నా చేతిలో పెట్టారు.

ఈ ఏడాది ఆ గది నడిపేది నేనే. ఇవాళ కొత్తగా వచ్చిన అమ్మాయి, "అక్కా, నేను మిస్టేక్ చేస్తే?" అంది. తన ముందున్న కాగితాలు బోర్లించి, టీ పోశాను. సాయంత్రం లైట్లు ఆర్పుతుంటే, "వచ్చే శనివారం ఎన్నింటికి రావాలి?" అని తనే అడిగింది. ఇంటిదాకా కారులో ఒక్కదాన్నే పాడుకుంటూ వచ్చాను.

ఇక ఫ్లాస్కు కడగాలి. తలుపు గడియ వేసే ఉంది. అయినా వెళ్ళి మళ్ళీ ఒకసారి చూసి వస్తాను. అందుకు ఇప్పుడు సిగ్గుపడను. నా పనే అది.