ఒంటి మీద వేసిన కుట్టు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే మొహం మీదే నవ్వేవాడిని. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో, తాళ్ళు కట్టి బరువులెత్తే ఖలాసీగా ఎన్ని రాత్రి డ్యూటీలు చేశానో లెక్క లేదు. పందికొక్కులు తప్ప నాకేమీ కనబడలేదు. అక్షరాలు కూడా నలభై దాటాక, చర్చిలో పెట్టిన రాత్రి బడిలో నేర్చుకున్నాను. కాబట్టి అలంకారాలు నాకు రావు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజులవి. మా ఆవిడ సువార్తమ్మకు గుండె ఆపరేషన్ చెయ్యాలన్నారు. బతుకుతుందా అని అడిగితే పెద్ద డాక్టరు "ప్రార్థన చేసుకోండి" అన్నాడు. ప్రార్థన చేసుకోవాలని నాకూ తెలుసు. ఆ మాట డాక్టరే అన్నాడంటే, ఇక ఆయన చేతిలో ఏమీ లేదనిపించింది.

ఆస్పత్రిలో చేరేముందు ఆమె ఒక్కటే అడిగింది. ఒక పేరున్న మాయల సినిమా కోసం ఊరి బయట వేసిన కోట సెట్టును అలాగే ఉంచి, టిక్కెట్టు పెట్టి జనానికి చూపిస్తున్నారు. ఆ సినిమా అంటే ఆమెకు పిచ్చి. మా అమ్మాయి వద్దని మొత్తుకుంది.

"చూడకుండానే పోతే, తర్వాత నువ్వు చూపిస్తావా?" అంది సువార్తమ్మ. అమ్మాయే వెళ్ళి బస్సు టైము కనుక్కొచ్చింది.

అక్కడ బస్సు దిగేటప్పుడు తలుపు రేకు తగిలి ఆమె జాకెట్టు భుజం దగ్గర చిరిగింది. పైట కప్పుకుని నడిచింది.

కోట దూరానికి భలే ఉంది. దగ్గరికెళ్ళి వేలితో కొడితే డొల్ల. నల్లరాయి అనుకున్నదంతా ప్లాస్టరూ ప్లైవుడ్డూ. అంతఃపురానికైతే ముందు గోడ ఒక్కటే, వెనక ఆసరాకు సరుగుడు కర్రలు. గోడ చివర నిలబడి ఆ కర్రలకు వేసిన కట్లు చూస్తున్నాను. తిరిగి చూస్తే పక్కన మనిషి లేదు.

పిలిచాను. పలకలేదు. గుండె జబ్బు మనిషి, ఎక్కడ పడిపోయిందోనని, సెట్టు చూపించే గైడును కేకేశాను.

"పరేషాన్ గాకు పెద్దాయనా. ఈడ ఏడికి పోతది?" అన్నాడు గైడు. కాసేపటికి అతనే పరేషానై అటూ ఇటూ పరుగులు పెట్టాడు.

చివరికి ఆమే వచ్చింది, అంతఃపురం గోడ వెనక నుంచి, తాపీగా. పెదవుల మధ్య చిన్న దారం ముక్క. ఏమడిగినా చెయ్యి ఊపుతుందే కానీ నోరు తెరవదు. భుజం మీద చిరుగు కుట్టేసి ఉంది. బంగారు రంగు దారం, చీమల బారులాంటి సన్నటి కుట్టు.

ఒంటి మీదున్న బట్ట కుట్టకూడదని మా అత్తగారు అనేది. అలా కుట్టేది శవానికేనట. తప్పనిసరైతే ఆ మనిషి నోట్లో దారం ముక్క పెట్టాలి, బతికున్న మనిషని గుర్తుకు. మా పాస్టరుగారు వింటే తిడతారు. అయినా ఆవిడ ఆ పద్ధతి మానలేదు.

గైడు ఆ కుట్టు చూసి నోరు తెరిచాడు. "ఇది మా కాస్ట్యూమోళ్ళ పని. షాట్ ముంగట యాక్టర్లకు గిట్లనే ఒంటి మీద కుడ్తరు. దారం సుత గదే. గానీ షూటింగ్ అయిపోంగనే అందరు పోయిండ్రు. ఇప్పుడు ఒక్కలు లేరు."

నేను గోడ వెనక్కి పోయి చూశాను. కర్రలు, ఎండుగడ్డి. అంతే.

ఇంటి గుమ్మం దాటాకే ఆమె దారం తీసి మాట్లాడింది. "లోపల ఒకామె రాణిగారి బట్టలు కుడుతోంది. ఇలా రామ్మా అని కూర్చోబెట్టి కుట్టింది. ఇల్లు చేరేదాకా దారం తియ్యొద్దంది."

"లోపలేంటే? ఆ గోడకు లోపలే లేదు!"

"నాకేం తెలుసయ్యా. ఉంది, కూర్చున్నాను."

ఆపరేషన్ అయింది. బతికింది. అది డాక్టరు చేతి చలవ, దేవుడి దయ. ఇంకెవరి గొప్పా కాదని అందరికీ చెబుతుంటాను.

తర్వాత ఆమె చిక్కిపోయింది. ఆ కుట్టు విప్పి జాకెట్టు బిగించి కుట్టించుకుంటానని ఆమె అంటే, సరేనని కత్తెర తీశాను. ఆమె నా మొహమే చూస్తోంది.

"ఆగావేం? నువ్వు నమ్మవుగా. కత్తిరించు."

కత్తెర మొద్దుబారిందన్నాను. ఆ ముందురోజే సాన పట్టించింది ఆమే. ఒక నవ్వు నవ్వి లోపలికి పోయింది.

ఆ గోడ వెనక కూర్చుని కుట్టిందెవరో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. దయ్యాలను ఇవాళ్టికీ నమ్మను. బీరువా తెరిచినప్పుడల్లా మాత్రం, ముందు ఆ జాకెట్టు తీసి కుట్టు ఊడలేదు కదా అని చూసుకుంటాను. అప్పుడే వంటింట్లోంచి ఆమె దగ్గు వినబడితే, ఆమె చూడకముందే తలుపు వేసేస్తాను.